దోషోత్పత్తి కేంద్రం, గది నంబరు పద్నాలుగు

గుమ్మడవలస ఇంజినీరింగ్ కళాశాలలో భూమ్యాకర్షణను జులై ఒకటో తారీకు నుంచి కంప్యూటర్లోకి మార్చారు. ఆ సంగతి తెలియజేస్తూ నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించారు. జిగురు చాలక ఆ కాగితం రెండుసార్లు ఊడిపోయింది. రెండుసార్లూ నేల మీదికే పడింది కాబట్టి, మార్చే నాటికి పాత ఆకర్షణ సక్రమంగానే పనిచేస్తూ ఉండేదని అనుకోవాలి.

అంత బాగా పనిచేసేదాన్ని ఎందుకు మార్చవలసి వచ్చిందంటే, దానికి కారణం కిందటి ఏడు వచ్చిన తనిఖీ బృందం. ఆ బృందంలోని పెద్దాయన మధ్యాహ్నం భోజనమయ్యాక, నిద్ర ఆపుకోవడానికి భౌతికశాస్త్రం రికార్డు పుస్తకాలు నాలుగు తెప్పించుకుని తిరగేశాడు. లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం ఒక పిల్లాడికి 9.6 వచ్చింది. ఇంకొకడికి 10.1. మూడో అమ్మాయికి 9.74. నాలుగోవాడు 8.9 దగ్గర ఆగి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

"ఒకటే గది, ఒకటే భూమి. మీ కాలేజీలో తలకో ఆకర్షణేమిటండీ ప్రిన్సిపాల్ గారూ?" అన్నాడు ఆ పెద్దమనిషి.

ప్రిన్సిపాల్ డాక్టర్ వీరభద్ర పట్నాయక్ గారు డాక్టరేటు పుచ్చుకున్నది నిర్వహణ శాస్త్రంలో. గుమాస్తాలు సమయానికి రాకపోతే ఏం చేయాలో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. భూమి సరిగ్గా రాకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆ అవమానం ఆయన్ను ఏడాదిపాటు తినేసింది. చివరికి ఒక కంపెనీవారి వర్చువల్ ల్యాబ్ తెప్పించాడు. అందులో లోలకం తెర మీద ఊగుతుంది. మౌస్ నొక్కితే గడియారం మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఎవరు నొక్కినా, ఎన్నిసార్లు నొక్కినా, తుమ్ముతూ నొక్కినా జవాబు 9.81.

ఆ కాగితంలోనే కింద రెండో పేరా ఒకటి ఉంది. "గది నంబరు పద్నాలుగులోని పాత ప్రయోగశాల నిరుపయోగమైనందున, అందలి యావత్తు సామగ్రిని తుక్కుగా పరిగణించి జనవరి ముప్పై ఒకటవ తేదీన లారీకి అప్పగించవలసినదిగా భౌతికశాస్త్ర శాఖను ఇందుమూలంగా ఆదేశించడమైనది."

భౌతికశాస్త్ర శాఖ అంటే శేషారత్నం. ఇరవై రెండేళ్లుగా ఆమె అదే గదిలో పాఠం చెబుతోంది. గోడ పొడుగునా ఎనిమిది లోలకాల స్టాండ్లు, రెండు సోనోమీటర్లు, అద్దాల పెట్టెలో త్రాసు, మూలన రికార్డుల బీరువా. వీటన్నింటినీ అమర్చినవాడు సోమేశ్వరరావు. ఆయన ఆమెకు భర్త, అదే శాఖలో సీనియరు. కిందటి కార్తీకంలో చనిపోయాడు. దాన్ని గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడదు కాబట్టి ఇక్కడ కూడా అంతకు మించి చెప్పడానికి లేదు.

రెండో పేరా చదివాక శేషారత్నం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లింది. గదిని ఉంచమని అడగడానికే వెళ్లింది గానీ, అలా అడిగితే ఏడుస్తానేమోనని భయమేసి, భౌతికశాస్త్రం మాట్లాడింది.

"సార్, మన ఊళ్లో 9.81 రాదండి. 9.78 వస్తుంది."

"అంటే మూడు తక్కువా?" అన్నాడు పట్నాయక్ గారు, కళ్లజోడు సవరించుకుని. "ఎవరు తగ్గించారు?"

"ఎవరూ తగ్గించలేదండి. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ తగ్గుతుంది. 9.81 లండన్ వైపు."

పట్నాయక్ గారు కుర్చీలోంచి లేచాడు. ఆయన లేచాడంటే ఉపన్యాసమని కళాశాలలో అందరికీ తెలుసు.

"మేడం, వెనుకబడిన ప్రాంతం కదా అని మనకి రైళ్లలో కోత. నిధుల్లో కోత. సాగునీళ్లలో కోత. ఇన్నాళ్లూ ఓర్చుకున్నాం. ఇప్పుడు ఆకర్షణలో కూడా కోతంటే ఈ పట్నాయక్ ఊరుకోడు. లండన్ పిల్లవాడికి ఎంతో, గుమ్మడవలస పిల్లవాడికీ అంతే. నేను సంతకం పెట్టింది 9.81కి. అదే అమలవుతుంది."

శేషారత్నం బయటికి వచ్చింది. వరండాలో తవిటినాయుడు నిలబడి ఉన్నాడు. తవిటినాయుడు ఆ ప్రయోగశాలకు అటెండరు, ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆమె మొహం చూసి అతను సంగతేమిటని అడగలేదు.

"లారీకి ఇంకా ఆర్నెల్లున్నాది గదండి మేడంగారూ," అన్నాడు. "ఆర్నెల్లలో ఏటయినా అవుద్ది."

జులైలో తరగతులు మొదలయ్యాయి. మేడమీద హాల్లో అరవై కంప్యూటర్లు. ప్రయోగశాల నియమావళిలో తెర మీది ప్రయోగాలకు మినహాయింపు ఎక్కడా రాయలేదు గనక, నియమాలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా అమలు చేశారు. పిల్లలు తెల్ల ఆప్రాన్లు తొడుక్కుని, బూట్లేసుకుని, ఆడపిల్లలు జడలు ముడిచి, తెరల ముందు కూర్చునేవారు. తెర మీద ఆమ్లం లేకపోయినా గుమ్మం దగ్గర రెండు ఇసుక బకెట్లు పెట్టారు.

అటెండరు చేతి మీదుగా ఇచ్చిన పరికరంతో చేస్తేనే అది ప్రయోగమని నాలుగో నియమం. అందుచేత తవిటినాయుడు గుమ్మం దగ్గర రిజిస్టరు పట్టుకుని నిలబడేవాడు. పిల్లలు వరసగా వచ్చి "స్టాప్‌వాచ్ ఇవ్వండి" అనేవారు. అతను ఖాళీ చెయ్యి చాచి "తీసుకోండి" అనేవాడు. వాళ్లు సంతకం పెట్టేవారు. పీరియడ్ అయ్యాక వచ్చి ఖాళీ చేతులు అతని చేతిలో పెట్టి మళ్లీ సంతకం పెట్టేవారు. మొదట్లో పిల్లలు నవ్వేవారు. ఆగస్టు నాటికి అలవాటైపోయింది. ఒక కుర్రాడు "ఇది నిన్న సరిగ్గా తిరగలేదు, వేరేదివ్వండి" అని కూడా అడిగాడు. తవిటినాయుడు వేరేది ఇచ్చాడు.

ఒక రోజు ఎవరో తిరిగి సంతకం పెట్టకుండా వెళ్లిపోయారు. సాయంత్రం లెక్కకు అరవై స్టాప్‌వాచీల్లో ఒకటి తగ్గింది. మర్నాడు తవిటినాయుడికి మెమో వచ్చింది. "మీ అధీనంలోని ప్రభుత్వేతర అదృశ్య పరికరము ఒకటి కనిపించకపోవుటకు కారణములు తెలుపవలెను."

అతను ఆ మెమో పట్టుకుని పద్నాలుగో గదికి వచ్చాడు. శేషారత్నం స్టాండ్ల మీద దుమ్ము దులుపుతోంది.

"మేడంగారూ, లేనిది పోనాదంట. ఎక్కడని ఎతకను?"

"ఎక్కడ పోయిందో అక్కడే వెతుకు నాయుడూ."

తవిటినాయుడు ఒక పూటంతా మేడ మీద బల్లల కింద వెతికాడు. వెతకడం ప్రిన్సిపాల్ గారు కళ్లారా చూశాడు. "పరికరము దొరికినది" అని సాయంత్రం అతను రాసిచ్చిన కాగితాన్ని ఆమోదించి ఫైలులో పెట్టాడు.

ఇలా ఏ గొడవా లేకుండా డిసెంబరు వచ్చింది. ప్రాక్టికల్ పరీక్షలు జరిగాయి. మొదటి సంవత్సరం విద్యార్థులు రెండు వందల నలభై మంది. ఎనభై సెంటీమీటర్ల దారం, ఇరవై ఊగులు. రెండు వందల నలభై మందికీ పట్టిన కాలం 35.886 సెకన్లు. గుమ్మడవలస చరిత్రలో ఇంతమంది ఇంత ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. పట్నాయక్ గారు లడ్డూలు పంచిపెట్టాడు.

లడ్డూలు అరిగే లోపే విశ్వవిద్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. పరీక్షల నిబంధనల్లో పదిహేడోది ఏమంటుందంటే, ఇద్దరు విద్యార్థుల కొలతలు మూడో దశాంశ స్థానం దాకా కలిసిపోతే ఒకరిని చూసి ఒకరు రాసినట్టు. ఇద్దరు కలిస్తేనే కాపీ అయినప్పుడు రెండు వందల నలభై మంది కలిస్తే దాన్ని ఏమనాలో నిబంధనల్లో మాట లేదు. "సామూహిక దుష్ప్రవర్తన" అని కొత్తగా ఒకటి కనిపెట్టి, మొత్తం అందరి ఫలితాలూ ఆపేశారు. విచారణకు మాల్‌ప్రాక్టీస్ కమిటీ అధ్యక్షులు ఆచార్య త్రివిక్రమరావు గారు స్వయంగా దయచేశారు.

జనవరి రెండో వారంలో సెమినార్ హాల్లో విచారణ. వేదిక మీద త్రివిక్రమరావు గారు, పక్కన రాసుకునే గుమాస్తా, కింద ముద్దాయిల కుర్చీలో విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు. శేషారత్నం శాఖాధిపతి హోదాలో చివరి వరసలో కూర్చుంది. రెండో రోజు మొదట పిలిచింది యామిని అనే పిల్లని. పక్క పల్లె నుంచి బస్సులో వస్తుంది. వాళ్లింట్లో ఇంజినీరింగ్ గుమ్మం తొక్కిన మొదటి మనిషి.

"35.886. ఈ అంకె ఎవరిది?" అన్నారు అధ్యక్షులు.

"నాదే సార్."

"నిన్నటి నుంచి ఎవర్ని అడిగినా నాదే నాదే అంటున్నారు. ఒక అంకెకి ఇంతమంది వారసులా? నిజం చెప్పు. ఎవర్ని చూసి రాశావు?"

యామిని ఉన్నమాటే చెప్పింది. "కంప్యూటర్ని చూసి సార్."

అధ్యక్షులు గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోండి. నేరం ఒప్పుకుంది."

"అదేటి సార్! సూసి రాయడమే కదండి ప్రయోగమంటే?"

"ఎదురు ప్రశ్న వేసింది. అదీ రాసుకోండి."

మధ్యాహ్నానికి అందరూ కంప్యూటర్ పేరే చెప్పడంతో విచారణ కొత్త మలుపు తిరిగింది. అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారిని పిలిచారు.

"ఈ కంప్యూటర్ హాల్ టికెట్ నంబరెంత?"

"దానికి హాల్ టికెట్ ఉండదండి," అన్నాడు పట్నాయక్ గారు.

"హాల్ టికెట్ లేకుండా పరీక్ష హాల్లోకి ఎలా వచ్చింది? వచ్చి అందరికీ జవాబు ఎలా చూపించింది? ఇన్విజిలేటర్ ఏం చేస్తున్నాడు?"

పట్నాయక్ గారు కంపెనీవారి వైపు చూశాడు. కంపెనీ తాలూకు ప్రతినిధి నిశాంత్ అక్కడే ఉన్నాడు. మెడలో బిళ్ల, చేతిలో ట్యాబ్. అతను లేచి నిలబడ్డాడు.

"సార్, మా సాఫ్ట్‌వేర్‌ని తప్పు పట్టడానికి లేదు సార్. దేశం మొత్తం మీద ఎర్రర్ జీరో. గ్యారంటీ కూడా ఇస్తున్నాం."

"ఏమిటి? తప్పులు సున్నానా?" త్రివిక్రమరావు గారు ముందుకు వంగారు. "గుమాస్తా గారూ, తొమ్మిదో నిబంధన చదవండి."

గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు. "ప్రతి విద్యార్థియు తాను చేసిన ప్రయోగములో సంభవించిన దోషములను, వాటి కారణములను విధిగా పేర్కొనవలెను. దీనికి పదిహేను మార్కులు."

జవాబు పత్రాలు తెప్పించి చూస్తే దోషాల గడిలో అందరూ "లేవు" అని రాశారు. అలా రాయమని తెరే చెప్పిందట. అధ్యక్షులు పత్రాల కట్టను బల్ల మీద పడేశారు.

"దోషం లేని ప్రయోగాన్ని నా ముప్పై ఏళ్ల సర్వీసులో చూడలేదు. ఇది కాపీ కంటే ఘోరం. పదిహేను రోజులు గడువిస్తున్నాను. ప్రతి విద్యార్థీ తనదైన తప్పు, ఒకరిదొకరితో కలవనిది, కారణంతో సహా సమర్పించాలి. లేకపోతే ఈ రెండు వందల నలభై మందికీ సంవత్సరం పోయినట్టే."

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారి గదిలో అత్యవసర సమావేశం. అధ్యక్షులు, ప్రిన్సిపాల్, నిశాంత్, శేషారత్నం. గుమ్మం దగ్గర టీ కప్పుల పళ్లెంతో తవిటినాయుడు.

"ఇంతేనా సార్, దీనికింత టెన్షనెందుకు," అన్నాడు నిశాంత్. "మా దగ్గర ఎర్రర్ మాడ్యూల్ ఉంది. రోల్ నంబరు కొడితే ఒక్కొక్కరికి ఒక్కో తప్పు అదే ఇచ్చేస్తుంది. రెండు వందల నలభై తప్పులు రెండు నిమిషాలు."

పట్నాయక్ గారి మొహం వెలిగింది. అధ్యక్షులు టీ కప్పు కింద పెట్టారు.

"తప్పు ఎవరు చేసినట్టు?"

"కంప్యూటర్ సార్."

"అయితే ఆ పదిహేను మార్కులు ఎవరికి వెయ్యాలి?"

నిశాంత్ ట్యాబ్ వైపు చూశాడు.

"కంప్యూటర్ చేసిన తప్పుకి కంప్యూటర్‌కి మార్కులు. అది పాసై ఇంజినీరవుతుంది. పిల్లలు ఇంటికి పోతారు," అన్నారు అధ్యక్షులు. "కుదరదు. మానవ దోషమని రూల్లో ఉంది. మానవుడు చేసి తీరాలి."

ఇన్నేళ్లుగా కళాశాలలో తప్పులు లేకుండా చేయడానికి ఎన్నో కమిటీలు వేశారు. తప్పులు తెప్పించడానికి ఎవరిని అడగాలో ఎవరికీ తోచలేదు.

శేషారత్నం ఆర్నెల్లుగా ఒక వాక్యం కోసం వెతుక్కుంటోంది. ఆ గది అవసరమని, అందులో పిల్లలు నిజం నేర్చుకుంటారని చెప్పడానికి ఎన్ని విధాల ప్రయత్నించినా ఆ మాటలు ఈ గదిలో నిలబడవని ఆమెకు తెలుసు. ఇప్పుడు కావలసిన వాక్యం దానంతటదే వచ్చింది.

"తప్పులు మా గదిలో ఉన్నాయండి," అంది.

"ఎన్ని?" అన్నారు అధ్యక్షులు.

"ఇరవై రెండేళ్లవి."

అందరూ పద్నాలుగో గదికి నడిచారు. తవిటినాయుడు పరుగున వెళ్లి తాళం తీశాడు. ఆమె బీరువా తెరిచి పాత పరిశీలన రిజిస్టర్లు బల్ల మీద పెట్టింది. సోమేశ్వరరావు ఆ గదిలో ఒక పద్ధతి పెట్టాడు. తప్పు వచ్చిన అంకెను చెరపకూడదు, రబ్బరు గదిలోకి తేకూడదు. తప్పు మీద అడ్డంగా ఒక్క గీత గీసి, పక్కన మళ్లీ కొలిచింది రాయాలి. గీత కింద అంకె కనిపిస్తూ ఉండాలి. అలా పేజీలకు పేజీలు, వేలాది తప్పులు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క గీతతో, తేదీలతో సహా భద్రంగా ఉన్నాయి.

త్రివిక్రమరావు గారు నగల కొట్లో కూర్చున్నట్టు కూర్చుని పేజీలు తిప్పసాగారు.

"10.4! ఆహా. ఇది చూడండి, 8.2. రెండు ఊగులు లెక్కపెట్టడం మర్చిపోయాడు. ఇది మంచి తప్పు. సహజంగా ఉంది." ఒక పేజీ దగ్గర ఆగారు. "ఈ గీతలు ఎవరు కొట్టారు? స్కేలు పెట్టినట్టున్నాయి."

"సోమేశ్వరరావు గారు."

"ఎక్కడున్నారు ఆయన?"

"లేరండి," అంది శేషారత్నం.

అధ్యక్షులు ఆ పేజీని మామూలు కంటే కాస్త నెమ్మదిగా తిప్పారు. తర్వాత రిజిస్టరు మూసి, తేరుకుని, మళ్లీ అధికారి అయ్యారు.

"తప్పులు నాణ్యమైనవే. కాకపోతే పాతవి. వీటిని చేసినవాళ్లు ఎప్పుడో పాసైపోయారు. ఈ ఏటి పిల్లలకు ఈ ఏటి తప్పులే కావాలి. ఇవి తయారైన చోటే, ఇవే పరికరాలతో, తాజాగా ఉత్పత్తి చేయండి."

పట్నాయక్ గారు నిర్వహణ శాస్త్రవేత్త. ఉత్పత్తి అనే మాట చెవిన పడగానే ఆయనకు దారి కనిపించింది. ఆ రాత్రికే ఉత్తర్వు తయారైంది. పద్నాలుగో గదికి "దోషోత్పత్తి కేంద్రం" అని పేరు. శేషారత్నం దాని సంచాలకురాలు. తవిటినాయుడు దోష సహాయకుడు. తుక్కు ఫైలులో "తుక్కు" అన్నచోటల్లా కొట్టేసి "ఉత్పత్తి సాధనములు" అని రాశారు. లారీ రావలసిన తేదీ ఎదురుగా మాత్రం ఏమీ మార్చలేదు. "ఉత్పత్తి లక్ష్యము నెరవేరని పక్షమున లారీ యథాప్రకారము వచ్చును" అని చేర్చారు.

మర్నాడు తవిటినాయుడు పని మొదలుపెట్టాడు. స్టాండుకు దారం కట్టి, ఇత్తడి గుండు వేలాడదీసి, స్టాప్‌వాచ్ పట్టుకుని సాయంత్రం దాకా ఊగులు లెక్కపెట్టాడు. ప్రిన్సిపాల్ గారు ఉత్పత్తి చూడటానికి వచ్చాడు. కాగితం నిండా 9.78 అని ఉంది. పైనుంచి కిందికి, ఇరవై మూడు సార్లు.

"ఏమిటి నాయుడూ ఇది? అన్నీ ఒకటే ఉన్నాయి. అదీ తప్పు కాదంటున్నారు మేడం."

"ఇరవయ్యారేళ్లు సేసిన పని బాబూ. సెయ్యి దానికదే ఆగీస్తన్నాది. నానేటి సెయ్యను?"

"కొంచెం ప్రయత్నించు. గడియారం ఆలస్యంగా నొక్కు."

"నొక్కొచ్చు బాబూ. గానీ తెలిసి నొక్కితే అది అబద్దమవుద్ది, తప్పవదు గదండి."

పట్నాయక్ గారు శేషారత్నం వైపు చూశాడు. ఆమె అవునన్నట్టు తల ఊపింది. ఆయన నుదురు రుద్దుకున్నాడు. అనుభవం లేని అటెండర్లను తెప్పించుకోవడానికి పై ఆఫీసుకు రాస్తే జవాబు రావడానికే ఏడాది. గడువు పద్నాలుగు రోజులుంది.

"నిజాయితీగా తప్పు చెయ్యగలిగినవాళ్లు కావాలి మేడం. ఈ పరికరాలు ముట్టుకోనివాళ్లు. ఎలా పట్టుకోవాలో కూడా తెలియనివాళ్లు. అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు?"

శేషారత్నం వరండా వైపు చూసింది. ఆయనా అటు చూశాడు. ఫలితాలు ఆగిపోయిన రెండు వందల నలభై మంది గోడలకు ఆనుకుని, మెట్ల మీద కూర్చుని, తమ సంగతి ఏమవుతుందో తెలియక ఎదురుచూస్తున్నారు. ఆర్నెల్లు ప్రయోగాలు చేసి నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నవాళ్లు. వాళ్లలో లోలకాన్ని చేత్తో పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

"అద్భుతం," అన్నాడు పట్నాయక్ గారు. "మానవ వనరులు మన ఆవరణలోనే ఉన్నాయి."

మరో ఉత్తర్వు వెలువడింది. విద్యార్థులు రోజుకు ఇరవై మంది చొప్పున కేంద్రంలోకి వచ్చి, స్వహస్తాలతో లోలకం ఊపి, స్వంత తప్పు చేసి, దాన్ని కాగితం మీద పట్టుకుని మేడ మీదికి వెళ్లి కంప్యూటర్లో నమోదు చేయాలి. చివర ఒక షరతు. "విద్యార్థులకు బోధించినచో దోషముల నాణ్యత క్షీణించు ప్రమాదమున్నందున, సంచాలకురాలు వారికి ఏమియు నేర్పరాదు."

ఆ షరతును శేషారత్నం రెండుసార్లు చదివింది. ఆ తర్వాత చిన్నగా నవ్వింది. ఏడాదికి పైగా ఆమె నవ్వగా చూడని తవిటినాయుడు టీ తేవడానికన్నట్టు బయటికి వెళ్లిపోయాడు.

మొదటి రోజు ఇరవై మంది వచ్చారు. ఎనిమిది స్టాండ్ల చుట్టూ ఇద్దరేసి, ముగ్గురేసి నిలబడ్డారు. కొందరు ముట్టుకోవచ్చా అని అడిగారు. ఒక కుర్రాడు గుండును వేలితో రెండుసార్లు టకటకా నొక్కి, అది కదలకపోవడంతో "సార్, ఇది హ్యాంగయింది" అని తవిటినాయుడితో ఫిర్యాదు చేశాడు. తవిటినాయుడు ఏమీ నేర్పకుండా, వాడి చెయ్యి పట్టుకుని గుండు మీద పెట్టాడు. గుండు బరువు తగిలి వాడు ఒక్కసారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెంటనే మళ్లీ పట్టుకున్నాడు.

యామినికి మూడో స్టాండు వచ్చింది. గుండు పక్కకు లాగి వదిలింది. లెక్కపెట్టడం మొదలుపెట్టి పన్నెండు దగ్గర తడబడి వదిలేసింది. మళ్లీ లాగింది. ఇరవై దాకా వెళ్లింది గానీ గడియారం ఆపడం మర్చిపోయింది. నాలుక కరుచుకుని, గడియారం వైపు, గుండు వైపు మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయింది. ఆమె చూస్తూ ఉండగానే ఊగు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. కాసేపటికి గుండు కదలకుండా నిలిచిపోయింది.

యామిని గబుక్కున వెనక్కి తిరిగింది.

"మేడం! ఆగిపోనాది. నానేటీ సెయ్యలేదండి, ఒట్టు. ఒదిలీసి సూత్తన్నానంతే. పాడయిపోనాదేటి మేడం?"

చుట్టుపక్కల పిల్లలంతా మూడో స్టాండు చుట్టూ మూగారు. వాళ్ల లోలకాలూ ఒక్కొక్కటీ నెమ్మదిస్తున్నాయి. ఇరవై మందీ శేషారత్నం వైపు చూశారు. ఏమీ నేర్పకూడదన్న ఉత్తర్వు ఆమె బల్ల మీదే ఉంది.

"పాడవలేదమ్మా," అంది. "గాలుంది కదా. గాలుంటే ఆగుతుంది."

"కంప్యూటర్లో ఎప్పుడూ ఆగలేదండి. నాను తిండికెళ్లి వచ్చినా ఊగుతానే ఉండీది."

"అక్కడ గాలి లేదు."

యామిని ఆగిపోయిన గుండును కాసేపు చూసింది. "అయితే ఆగీలోపల లెక్కెట్టీసుకోవాల," అంది, ఎవరితోనూ కాదు. దారం సరిచేసుకుని, ఈసారి గుండును మెల్లగా, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు వదిలింది. ఇరవై ఊగులకు 36.3 సెకన్లు వచ్చింది. ఇంకోసారి కొలిచింది. మొదటిదాన్ని చెరపడానికి రబ్బరు కోసం జేబు తడుముకుంటే శేషారత్నం చెయ్యి అడ్డు పెట్టి, ఆ అంకె మీద పెన్నుతో ఒక్క గీత గీసింది. చెప్పలేదు కాబట్టి నేర్పినట్టు కాదు.

సాయంత్రానికి ఇరవై తాజా తప్పులు తయారయ్యాయి. దేనికీ దేంతోనూ పోలిక లేదు. లక్ష్యం నెరవేరుతోందని, లారీ అవసరం లేదని పట్నాయక్ గారు ఫోన్లో చెప్పడం వరండాలోకి వినిపించింది. లారీవాడికి చెప్పాడో, భార్యకు చెప్పాడో గానీ, ముప్పై ఒకటో తారీకున లారీ రాలేదు. గడువులోగా రెండు వందల నలభై తప్పులూ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఫలితాలు విడుదలయ్యాయి. ఇంత మేలైన తప్పులు మరే కళాశాలలోనూ లేవని త్రివిక్రమరావు గారు ప్రశంసా పత్రం పంపారు. మిగిలిన కళాశాలలు కూడా తమ తమ ఆవరణల్లో దోషోత్పత్తి కేంద్రాలు నెలకొల్పుకోవాలని, పాత పరికరాలు అమ్మేసినవారు తక్షణం వెనక్కి తెచ్చుకోవాలని సూచించారు.

ఫిబ్రవరిలో పట్నాయక్ గారు నాణ్యత సమీక్ష జరిపాడు. తొలి రోజున పన్నెండు శాతం ఉన్న తప్పు, నెలాఖరుకు రెండు శాతానికి పడిపోయిందని తేలింది. పిల్లలు గడువు అయిపోయాక కూడా పద్నాలుగో గదికి వస్తున్నారనీ, ఒకే కొలతను మూడేసిసార్లు తీస్తున్నారనీ, అందుకే ఉత్పత్తి దెబ్బతింటోందనీ గుమాస్తా నివేదించాడు. దోషాల కారణాలన్నీ ఒక పట్టికలో వేయించారు. రెండు వందల నలభై మందిలో నూట తొంభై మంది కారణం గడిలో ఒకటే మాట రాశారు. గాలి.

పట్నాయక్ గారికి సమస్య మూలం దొరికింది. తప్పులకు ముడిసరుకు గాలే అయితే, ఆ ముడిసరుకు తగ్గిపోతోందన్నమాట. మర్నాడు పొద్దున్నే శేషారత్నానికి కాగితం వచ్చింది.

"కేంద్రంలో సంభవించు దోషములకు ప్రధాన కారణము గాలి యని రుజువైనందున, గది నంబరు పద్నాలుగులోని గాలిని ఈ నెల ఇరవై ఎనిమిదవ తేదీలోగా స్టాకు రిజిస్టరులో నమోదు చేయించి, కొరత రాకుండ కాపాడవలెను. కిటికీలగుండా బయటకు పోవు గాలికి దోష సహాయకుడు బాధ్యుడు."

ఆమె ఆ కాగితం అడుగున "చూశాను" అని రాసి, తేదీ వేసి, తవిటినాయుడికి ఇచ్చింది. అతను కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు.

"పోయిన గాలిని ఎలాగండి లెక్కెట్టీది?" అన్నాడు.

గుమ్మంలో యామిని, మరో నలుగురు పిల్లలు చెప్పులు విడుస్తున్నారు. మూడో స్టాండుకు కొత్త దారం కావాలని అడుగుతున్నారు. శేషారత్నం బల్ల సొరుగులోంచి దారపు ఉండ తీసింది.

"లెక్క తర్వాత చూద్దాం నాయుడూ," అంది. "ఉక్కపోతగా ఉంది. ఆ ఉత్తరం కిటికీ కూడా తియ్యి."